ఊరిని ఒక్కచోట కూర్చోబెట్టే కళ

*రోడ్డుకు నిధులు అడుగుతాం, మంచినీళ్లకు అడుగుతాం. పాటకూ కథకూ నాటకానికీ ఊరి పద్దులో చోటు అడగం. కానీ తెలుగు ఊళ్లు తమ తప్పులు తాము చూసుకున్నదీ, తమ కష్టం తాము చెప్పుకున్నదీ ఎక్కువగా అక్కడే.*

పొద్దు గూకింది. పంచాయతీ మైకులో చాటింపు అయిపోయింది. బడి ముందున్న ఖాళీ జాగాలో రెండు గుంజలు పాతి తెల్లటి తెర బిగించారు. ఇళ్లలోంచి చాపలు, బొంతలు, ప్లాస్టిక్ కుర్చీలు బయటికొచ్చాయి. ముసలివాళ్ల కోసం ముందు వరసలో నులక మంచాలు వాల్చారు. చంటిపిల్లల తల్లులు లేచి వెళ్లడానికి వీలుగా ఒక పక్కన సర్దుకున్నారు. కుర్రాళ్లు ట్రాక్టరు ట్రాలీ ఎక్కారు. 2023 వేసవిలో తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల కనిపించిన దృశ్యమిది. తెర మీద ఆడుతున్నది ‘బలగం’.

కథ అందరికీ తెలిసిందే. కొమురయ్య అనే పెద్దాయన పోతాడు. పెట్టిన కూడు కాకి ముట్టదు. ఎప్పుడో నల్లిబొక్క దగ్గర మొదలైన పంతంతో దూరమైన బిడ్డ, అల్లుడు, కొడుకులు ఒకే ఇంట్లో ఎడమొహం పెడమొహంగా తిరుగుతుంటారు. చివరికి కథ చెప్పేవాళ్లు వచ్చి ఆ పోయిన మనిషి గురించి పాడతారు. తెర మీద పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు బయట కూడా ఆ వృత్తి మీదే బతికినవాళ్లు. పాట సాగేకొద్దీ తెర ముందున్న జనంలో కొంగులు కళ్ల దగ్గరికి వెళ్లాయి. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఆ సినిమా చూశాక కలిసిపోయారన్న వార్తలు ఆ రోజుల్లో పత్రికల్లో వరసగా వచ్చాయి.

అప్పటికే ఆ సినిమా థియేటర్లలో ఆడింది. ఫోన్లలోకి కూడా వచ్చేసింది. ఎవరింట్లో వాళ్లు చూసుకోవచ్చు. అయినా ఊళ్లు చందాలు వేసుకుని మరీ తెరలు కట్టుకున్నాయి. ఫోన్లో ఒక్కడే చూసినవాడికీ కన్నీళ్లు వచ్చి ఉంటాయి. కానీ నాలుగు చాపల అవతల తమ్ముడు కూర్చుని ఉండగా, వాడూ ఏడుస్తున్నాడని తెలిసి చూడడం వేరు. లేచి ఇంటికి వెళ్తూ ఒక మాట అనడానికి సందు దొరుకుతుంది. ఆ సందు సినిమా ఒక్కటే ఇచ్చింది కాదు, పదిమందీ కలిసి కూర్చోవడం ఇచ్చింది.

రోడ్లకే డబ్బుల్లేవంటే?

కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఏటా ఆ రోజు దగ్గరపడగానే సన్మానాలు, శాలువలు, ఉపన్యాసాలు. వాటి వెనకే ఒక ప్రశ్న కూడా వస్తుంది. రోడ్లకే డబ్బుల్లేవు, ఆసుపత్రిలో మందుల్లేవు, నాటకాలకు ఎక్కడి నుంచి తెస్తాం? అడిగేవాళ్లని తప్పుపట్టలేం. గుంతల రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లకు ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది.

అయితే ఆ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. కళ అనేది కడుపు నిండాక చేసుకునే సంబరమని, ఊరి అసలు పనులన్నీ అయ్యాక మిగిలితే చూసుకోవచ్చని. తెలుగునేల గత నూటనలభై ఏళ్ల అనుభవం అలా చెప్పడం లేదు. పెళ్లిళ్లలో పసిపిల్లల బేరం గురించి, కోర్టుల్లో మోసం గురించి, భూమి గురించి, సారా గురించి, రాష్ట్రం గురించి ఈ జనం పెద్దగా మాట్లాడుకున్న ప్రతిసారీ ఆ మాట ఏదో ఒక వేదిక మీదో, డప్పు చుట్టూనో మొదలైంది లేదా అక్కడ బలం పుంజుకుంది. మనుషులు పక్కపక్కన కూర్చుని, తమ గురించి తాము విని, ఇంటికి వెళ్తూ దాని గురించి వాదించుకోవడం ఊరికి కావలసిన పని. అది జరగడానికి చోటూ సమయమూ ఇచ్చేది కళ. అందుకే అది వీధి దీపం, మంచినీళ్ల కుళాయి ఉన్న జాబితాలోనే ఉండాల్సిన సదుపాయం.

తొలి నాటకం వకీళ్ల మీద

తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శన ఎక్కడ మొదలైందో చూడండి. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి తన విద్యార్థులతో ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. అందులో దేవతలు లేరు, రాజులు లేరు. కోర్టు చుట్టూ తిరిగే కక్షిదారులు, వాళ్లని పీల్చే ప్లీడర్లు ఉన్నారు. జనం దాన్ని ప్లీడరు నాటకమనే పిలిచారు. కోర్టుపక్షి అయి ఇల్లు గుల్ల చేసుకున్న రైతు, తనకు జరిగింది వేదిక మీద చూశాడు. తాను తెలివితక్కువవాణ్ని కాబట్టి మోసపోయాననుకున్నవాడికి, అందరికీ ఇలాగే జరుగుతోందని తెలిసింది. ఒకరి ఇబ్బంది ఊరి సమస్యగా మారేది ఇలాంటి చోటే.

పన్నెండేళ్ల తర్వాత, 1892 ఆగస్టులో విజయనగరంలో గురజాడ ‘కన్యాశుల్కం’ తొలిసారి ఆడారు. డబ్బు పుచ్చుకుని ఆడపిల్లల్ని ముసలివాళ్లకు కట్టబెట్టడం అప్పటికి కొత్త సంగతి కాదు. అందరికీ తెలుసు. మహారాజా ఆనంద గజపతి లెక్కలు కూడా తీయించారు. ఆ లెక్క భయంకరంగా ఉంది. కానీ లెక్క కాగితం మీదే ఉండిపోయింది. జనం నాలుకల మీద ఆడింది నాటకంలోని బుచ్చమ్మ, సుబ్బి, మధురవాణి, గిరీశం. లుబ్ధావధాన్లు ఆశ చూసి సభ నవ్వింది. కూతుర్ని అమ్ముకున్న తండ్రి ఆ నవ్వుల మధ్యే కూర్చుని ఉండి ఉంటాడు. చట్టం అతన్ని పట్టుకోలేకపోయింది. ఆ నవ్వు పట్టుకుంది.

---

■ మహారాజా తీయించిన లెక్క

‘కన్యాశుల్కం’ తొలి ముద్రణ (1897) ముందుమాటలో గురజాడ ఇచ్చిన వివరాలివి. అప్పటి విశాఖపట్నం జిల్లాలో, సామాన్య బ్రాహ్మణ కుటుంబాల్లో, మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలు:

• మొత్తం: 1,034
• ఐదేళ్ల పెళ్లికూతుళ్లు: 99
• నాలుగేళ్లు: 44
• మూడేళ్లు: 36
• రెండేళ్లు: 6
• ఏడాది: 3

ఏడాది పాపలకు పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు.

---

కథ చెప్పేవాడి పక్కన నిలదీసేవాడు

బుర్రకథ ఆడుతుంటే దగ్గరగా నిలబడి చూడాలి. ముగ్గురు మనుషులు. మధ్యలో కథకుడు, భుజాన తంబూరా, చేతి వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ల చేతుల్లో డక్కీలు. కథకుడు రెండడుగులు ముందుకేసి పాట ఎత్తుకుంటే వంతలు ‘తందాన’ అందుకుంటారు. అంతవరకూ ఏ కథాగానమైనా అంతే. బుర్రకథలో అసలు సంగతి ఆ వంతల పనిలో ఉంది. ఒకరిది హాస్యం. రెండోవారిది రాజకీయం. కథ బొబ్బిలి కోట దగ్గర ఉన్నా, పల్నాటి కోడిపందెం దగ్గర ఉన్నా, రాజకీయ వంత దాన్ని ఆపి, ‘అన్నా, ఇప్పుడు మన ఊళ్లో జరుగుతున్నదీ ఇలాగే ఉందే’ అని అడగవచ్చు. అడగాలి. రేషను బియ్యం, పన్నులు, సర్పంచి, మంత్రి, ఏదైనా అందులోకి వస్తుంది. నిలదీయడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టుకున్న కళారూపమిది.

దీని బలాన్ని బాగా పట్టుకున్నది 1943లో మొదలైన ప్రజానాట్యమండలి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ ఆ రూపానికి కొత్త ఊపిరి పోశారు. ఒక ముస్లిం కళాకారుడు పల్నాటి వీరుల కథ చెబుతుంటే ఊరంతా తెల్లవార్లూ కదలకుండా కూర్చుంది. మనిషి మతం ఏమిటన్న ప్రశ్న ఆ రాత్రి ఎవరికీ తట్టలేదు. మతసామరస్యం మీద వంద ఉపన్యాసాలు ఇచ్చినా అంత పని జరగదు.

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకం తెలంగాణ రైతు పోరాటాన్ని కోస్తా పల్లెలకు చేరవేసింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. సరిహద్దుకు అవతల, తెలంగాణలో, సుద్దాల హనుమంతు లాంటివాళ్లు గొల్లసుద్దుల బాణీని రైతు కష్టం చెప్పడానికి వాడుకున్నారు. ఈ పాటల వల్లే పోరాటం వచ్చిందనడం సరికాదు. వెట్టి, లెవీ, ఆకలి దాన్ని తెచ్చాయి. కానీ ఒక ఊరి రైతు కష్టం పక్క ఊరి రైతుకు తనదిగా తోచేలా చేసింది పాట. చదవడం రాని జనానికి పత్రిక అదే.

2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ధూంధాం పాటల సభలు కూడా ఈ దారిలో వచ్చినవే. గొంగడి, గజ్జెలు, డప్పు వేదిక ఎక్కాయి. ఎన్నికల సభకు లారీలు పెట్టి జనాన్ని తోలుకురావాలి. ధూంధాంకు వాళ్లే నడిచి వచ్చారు. ప్రత్యేక రాష్ట్రమన్న డిమాండు పార్టీ ఆఫీసులు దాటి ఇంటింటికీ వెళ్లడంలో ఆ పాటల పాత్రను ఏ పార్టీ వాళ్లూ కాదనరు. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి పేరుతో సుమారు 550 మంది కళాకారులకు ప్రభుత్వం కొలువులిచ్చింది. జీవితమంతా పాటకిచ్చినవాళ్లకు నెల జీతం రావడం న్యాయమే. అయితే వాళ్ల పని ప్రభుత్వ పథకాలను ప్రచారం చేయడం. జీతమిచ్చేవాణ్ని రాజకీయ వంత ఎలా నిలదీస్తాడన్నది ఆ కొలువులతో పాటే వచ్చిన చిక్కు. కళను పోషించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఏం పాడాలో చెప్పే అధికారం మాత్రం దానిది కాకూడదు.

నెల్లూరులో పలక పట్టిన చేతులు

ఇది ఇంకో ఉదాహరణ. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికెళ్లి అలసిపోయిన ఆడవాళ్లని రాత్రి బడికి రప్పించడం ఎలా? కరపత్రం పంచితే చదవలేరు. అందుకే ముందు కళాజాతాలు వెళ్లాయి. కుర్రాళ్లు, టీచర్లు, పాటగాళ్లు బృందాలుగా ఊరూరా తిరిగి సెంటర్లో డప్పు కొట్టి పాటలు, చిన్న నాటికలు వేశారు. తెర లేదు, మేకప్ లేదు. తాగి వచ్చిన మొగుడు, ఖాళీ కుండ, ఏడ్చే పిల్లలు. చూస్తున్న ఆడవాళ్లకు అది నాటకంలా కాదు, నిన్న రాత్రి తమ ఇంట్లో జరిగిందిలా కనిపించింది.

రాత్రి బడిలో మాట్లాడుకోవడం అలవాటైంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఒక్కటై సారా దుకాణాన్ని మూయించారు. ఆ కథ వాచకంలో పాఠమైంది. మిగతా ఊళ్ల రాత్రి బడుల్లో ఆడవాళ్లు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివి, మనమూ చేద్దామన్నారు. 1992లో జిల్లా అంతా రాజుకుంది. సారా బండ్లకు అడ్డంగా నిలబడ్డారు, వేలంపాటలు ఆపారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లకే దాన్ని సడలించారన్నదీ నిజమే. కానీ ఆ ఆడవాళ్లు కలెక్టరు ముందు, ఎక్సైజు అధికారుల ముందు నిలబడి మాట్లాడడం నేర్చుకున్నారు. ఆ నేర్పును ఏ జీవో వెనక్కి తీసుకోలేదు.

ఇందులో కళ వాటా ఎంత? కూలి తక్కువ, సారా ఖర్చు ఎక్కువ, ఇంట్లో దెబ్బలు. కోపానికి కారణాలు ఇవే. కళాజాతా కొత్త కోపాన్ని పుట్టించలేదు. నాలుగు గోడల మధ్య ఉన్నదాన్ని సెంటర్లోకి తెచ్చి, ‘ఇది మీ ఒక్క ఇంటి గొడవ కాదు’ అని చూపించింది. ఆ ఒక్క అడుగు పడకపోతే తర్వాతి అడుగులు లేవు.

కాటిసీను దగ్గర ఒక రాత్రి

పల్లెల్లో ‘సత్యహరిశ్చంద్ర’ ఆడితే జనం నిద్ర ఆపుకుని ఎదురుచూసేది కాటిసీను కోసం. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోని ఆ ఘట్టంలో నటులు జాషువా శ్మశానవాటిక పద్యాలు పాడడం ఆనవాయితీ అయింది. హార్మోనియం శ్రుతి అందుకుంటుంది, హరిశ్చంద్రుడు కర్ర మీద చేయి ఆన్చి పద్యం ఎత్తుకుంటాడు, చివరి రాగం సాగినంతసేపూ సభ ఊపిరి బిగబట్టి ఉంటుంది. వెంటనే ‘వన్స్‌మోర్’ కేకలు. చావు ముందు రాజూ పేదా ఒక్కటేనన్న ఆ పద్యాలు రాసిన కవి బతికినన్నాళ్లూ అంటరానితనాన్ని అనుభవించారు. ఆయన్ని గడప బయట నిలబెట్టగల ఊళ్లే ఆయన పద్యాన్ని మూడుసార్లు పాడించుకున్నాయి.

దీన్ని చూసి కళ కులాన్ని కరిగించిందని చెబితే అబద్ధమవుతుంది. అదే ఊళ్లో తెల్లారాక హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి కొనసాగింది. నాటకం చూడ్డానికి కూడా ఎవరి వైపు వాళ్లు కూర్చున్న ఊళ్లున్నాయి. కళ మనిషిని ఒక్క రాత్రిలో మార్చదు. కానీ జాషువా గొంతు ఆ ఊరి చెవిలో పడింది, అక్కడే ఉండిపోయింది. తర్వాతి తరం అదే ఊళ్లో రెండు గ్లాసులేమిటని నిలదీసినప్పుడు, ఆ మాట పూర్తిగా కొత్తగా అనిపించలేదు.

వేదిక నొప్పించగలదు కూడా. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ని వేశ్యాలోలత్వానికి వ్యతిరేకంగా రాశారు. ఆడగా ఆడగా సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ వెకిలి హాస్యం పేరుకుపోయింది. తమను అవమానిస్తున్నారని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. నొచ్చుకున్నవాళ్ల మాట వినాల్సిందే, వాళ్ల బాధ ఉత్తిది కాదు. కానీ నిషేధిస్తే నాటకంతో పాటు దాని మీద జరగాల్సిన సంభాషణ కూడా ఆగిపోతుంది. రాసినవారి ఉద్దేశం ఏమిటి, మధ్యలో చేరింది ఏమిటి, ఏది తీసేయాలి అని నటులూ నొచ్చుకున్నవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడం కష్టమైన దారే. ఊరు ఊరుగా ఎదగడానికి ఆ దారే మేలు.

---

■ ఎవరి కథ వారికి

రాతలో చోటు దొరకని కులాలు తమ చరిత్రను కథల్లో దాచుకున్నాయి. చిందు భాగవతులు జాంబ పురాణం ఆడతారు. ఒగ్గు కథకులు మల్లన్న, బీరప్ప కథలు చెబుతారు. చేర్యాల నకాషీలు గీసిన పొడవాటి పటాలను విప్పుతూ, ఒక్కో బొమ్మా చూపిస్తూ కథ నడిపే కళాకారులున్నారు. ఏ కళాకారుడు ఏ ఊళ్లో కథ చెప్పాలో, ఆ ఊరు ఏమివ్వాలో కట్టుబాటు ఉండేది. నిజామాబాద్ ప్రాంతపు చిందు ఎల్లమ్మ, జనగామ ప్రాంతపు ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య ఈ కళల్ని ఊళ్ల హద్దులు దాటించి పెద్ద వేదికలెక్కించారు.

---

ఊరు నడిపే పాఠశాల

పరిషత్తు నాటక పోటీలు జరిగే ఊరికి వెళ్తే, వేదిక మీద కన్నా వెనక ఎక్కువ నేర్చుకోవచ్చు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. ఆ బాటలో కోస్తా జిల్లాల్లో ఎన్నో ఊళ్లు సొంత పరిషత్తులు పెట్టుకున్నాయి. నిర్వాహకుల్లో పెద్ద డబ్బున్నవాళ్లు తక్కువ. రిటైరైన మాస్టారు, మందుల షాపాయన, ఎరువుల వ్యాపారి, ఓ లాయరు. నెల ముందే చందా పుస్తకం పట్టుకుని గడప గడపా తిరుగుతారు. వచ్చే నాటక సమాజాలకు బస ఎక్కడ, ఎవరింటి నుంచి భోజనం, జనరేటరుకు డీజిల్ ఎవరిది, లెక్క ఎవరు రాయాలి? ఎన్నికల్లో వేరువేరు జెండాలు మోసినవాళ్లు ఈ పనిలో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు.

నటులూ అంతే. బ్యాంకు గుమాస్తా, ఆర్టీసీ కండక్టరు, కరెంటాఫీసు లైన్‌మన్. డ్యూటీ దిగాక ఏ బడి గదిలోనో కలుసుకుని రెండు నెలలు రిహార్సల్స్. గంట నాటిక కోసం సెట్టు సామాను వ్యానులో వేసుకుని రాత్రంతా ప్రయాణం. ముందు వరసలో న్యాయనిర్ణేతలు చిన్న దీపం వెలుతురులో మార్కులు వేస్తుంటారు. నాటిక అయిపోయాక కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్న నటుడి దగ్గరికి ఎవరో ముసలాయన వచ్చి, ‘ఆ కొడుకు అలా చేయకుండా ఉండాల్సింది బాబూ’ అంటాడు. పాత్ర గురించి అంటున్నాడో, తన కొడుకు గురించి అంటున్నాడో చెప్పలేం.

ఇంకొకరి జీవితంలోకి వెళ్లి గంటసేపు నిలబడడం, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగి జవాబివ్వడం, పదిమందితో కలిసి ఒక పని అనుకున్న వేళకు పూర్తి చేయడం. ఇవే పౌరుడికి కావలసిన నేర్పులు. ఏ పాఠ్యపుస్తకమూ వీటిని ఇంత బాగా నేర్పదు.

1885లో కడప జిల్లా సురభిలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో ఈ నేర్పు తరాలుగా వస్తోంది. ఉగ్గుపాల వయసులోనే పిల్లలు వేదికెక్కుతారు. సాయంత్రం తెర లాగినవాడే ఆ తర్వాత ఘటోత్కచుడై లడ్డూలను నోట్లోకి ఎగిరించుకుంటాడు. మిగతా సమాజాల్లో మగవాళ్లే ఆడవేషాలు కడుతున్న కాలంలో సురభి ఆడవాళ్లు తమ పాత్రలు తామే వేశారు. ఆడది వేదికెక్కితే తప్పుగా చూసే రోజుల్లో, కుటుంబం మొత్తం వెంట నిలబడి ఆ చూపును మార్చింది.

పొట్టచేతపట్టుకుని వెళ్లినచోటికీ తెలుగువాళ్లు ఈ అలవాటును తీసుకెళ్లారు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో, ముంబయిలో, ఇప్పుడు అమెరికా ఊళ్లలో సంఘం పెట్టుకోగానే ఉగాదికి ఓ నాటిక, సంక్రాంతికి పాటల పోటీ. భాష మాట్లాడని నేల మీద పక్కవాడు మనవాడని తెలిసేది అక్కడే.

---

■ ఊరు పెట్టిన ముద్ద

విజయనగరంలో 1919లో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు. తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు ఆ బాధ్యతలో ఉన్నారు. సంగీతం నేర్చుకోవాలని ఆ ఊరొచ్చిన కుర్రాడు ఘంటసాలకు తిండికి గతిలేదు. పట్రాయని సీతారామశాస్త్రి ఇంట్లో చోటిచ్చి చదువు చెప్పారు. అన్నం మధూకరం. జోలె పట్టి వీధులు తిరిగితే ఇంటికో ముద్ద పడేది. తర్వాత తెలుగువాళ్లందరూ విన్న ఆ గొంతుకు తొలి పోషకులు ఆ వీధుల్లోని గృహిణులు.

---

చోటు పోయింది, తీరిక పోయింది

ఇవన్నీ ఎందుకు సన్నబడ్డాయి? సినిమా, టీవీ, ఫోను అని సులువుగా చెప్పేస్తాం. అది సగమే నిజం. మిగతా సగం చోటు. ఊరి మధ్య నాటకాలాడిన ఖాళీ జాగాలో దుకాణాల సముదాయం లేచింది. పట్నాల్లో పురపాలక కళాక్షేత్రం ఉంటే ఏసీ పనిచేయదు, మైకు పనిచేయదు, అద్దె మాత్రం చిన్న సమాజం మోయలేనంత. ఫంక్షన్ హాలు పెళ్లికి తప్ప దేనికీ గిట్టదు. రాత్రంతా మేల్కొనే వీలిచ్చిన పొలం పనుల క్యాలెండరు పోయి షిఫ్టు డ్యూటీలు వచ్చాయి. చాలా ప్రభుత్వ బడుల్లో చిత్రలేఖనం మాస్టారు లేడు, సంగీతం టీచరు లేదు. ప్రైవేటు బడిలో వార్షికోత్సవమంటే సినిమా పాటకు స్టెప్పులు. పదో తరగతి వరకు ఒక్కసారి కూడా వేదికెక్కి సొంత మాట పలకకుండా లక్షల మంది పిల్లలు చదువు ముగిస్తున్నారు.

దీని భారం ముందుగా పడేది కళాకారుడి మీద. ‘బలగం’లో కుటుంబాలను కలిపిన గొంతు పస్తం మొగిలయ్యది. చివరి రోజుల్లో ఆయన కిడ్నీ జబ్బుతో, దాతల సాయం మీద చికిత్స చేయించుకుని 2024 డిసెంబరులో కన్నుమూశారు. కిన్నెర మెట్ల మీద కథ పలికించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లకే ఆయన కట్టడం పనిలో కూలీగా కనిపించారన్నది వార్తయింది. కళాకారుణ్ని వేదిక మీద దేవుణ్ని చేసి, దిగగానే మరిచిపోయే అలవాటు మనదే. పద్మశ్రీ ఇవ్వడం దేశం పని. పిలిచి కథ చెప్పించుకుని, ఆ రాత్రికి న్యాయమైన కూలి ఇవ్వడం ఊరి పని.

రెండో భారం ఊరి మీద. కలిసి కూర్చునే సందర్భాలు మూడు మిగిలాయి. రాజకీయ సభ, మతపరమైన ఊరేగింపు, చావు. మొదటి రెంటిలో ఎవరి జెండా కింద వాళ్లం. అన్ని ఇళ్ల వాళ్లం, ఏ పక్షమూ లేకుండా, ఒకే కథ ముందు కూర్చునే సందర్భం లేకపోతే, పక్కింటివాడి గురించి మనకు తెలిసేది వాట్సాప్ చెప్పినంతే.

రాజ్యాంగంలో ఉంది, పద్దులో లేదు

ఇదేమీ కొత్తగా పుట్టించాల్సిన హక్కు కాదు. 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీల కోసం చేర్చిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి. తాగునీరు, రోడ్లు, గ్రామీణ విద్యుత్తు ఉన్న ఆ జాబితాలోనే గ్రంథాలయాలు ఉన్నాయి, సాంస్కృతిక కార్యకలాపాలూ ఉన్నాయి. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు పురపాలికలకూ ఇదే బాధ్యత పెట్టింది. పార్కులు, ఆటస్థలాల తర్వాతి అంశమే సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల ప్రోత్సాహం. కళ ఊరి సదుపాయమని ముప్పై ఏళ్ల కిందటే రాసి పెట్టారు. మనం అడగలేదు.

డబ్బు ఎక్కడి నుంచి అన్నదానికీ మన దగ్గరే ఒక దారి ఉంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతాయి. ఆ సొమ్ము వేళకు గ్రంథాలయాలకు చేరడం లేదన్న ఫిర్యాదు పాతదే, దాన్ని సరిచేయాలి. అయినా ఆ చిన్న మొత్తంతోనే ఊరూరా పేపరు చదివే గది ఏర్పడింది. అదే పద్ధతిలో రూపాయికి ఒక పైసా ఊరి వేదిక కోసం పక్కన పెట్టడం ఏ పంచాయతీకీ మోయలేని బరువు కాదు. బడి ఆవరణలో సిమెంటు అరుగు, దాని మీద రేకుల కప్పు, రెండు దీపాలు, ఒక మైకు. ఏడాదికి నాలుగు రాత్రులు కార్యక్రమం. జిల్లాలోని ఒగ్గు కథకులు, బుర్రకథ దళాలు, తోలుబొమ్మల వాళ్లు, పరిషత్తు సమాజాల్లో ఒకరికి ఒకసారి. ఒక రాత్రి మాత్రం ఊరి బడి పిల్లలదే. వాళ్లు రాసుకున్న నాటిక, వాళ్ల ఊరి మీద. డబ్బు పంచాయతీది కాబట్టి సర్పంచిని పొగడాలన్న షరతు ఉండకూడదు. చెరువు ఆక్రమణ గురించి పిల్లలు నాటిక వేస్తే వేయనివ్వాలి.

ఇందులో పాఠకుడి వంతు కూడా ఉంది. మీ పట్నంలో నాటకం ఉందని తెలిస్తే పాసు కోసం చూడకుండా టికెట్టు కొనండి. ఇంట్లో శుభకార్యమైతే డీజే డబ్బులో సగం పెట్టి కథ చెప్పించండి. పిల్లాడు నాటకంలో వేషం వేస్తానంటే మార్కులు పోతాయని ఆపకండి. నలుగురి ముందు నిలబడి మాట్లాడగల మనిషి పరీక్షలోనూ, ఉద్యోగంలోనూ, గ్రామసభలోనూ నిలబడతాడు.

వచ్చే గ్రామసభలో వీధి దీపాల సంగతి అడిగాక ఇంకో ప్రశ్న కూడా వేయండి. ఈ ఏడాది మన ఊరంతా ఏ జెండా లేకుండా ఒకచోట కూర్చోవడానికి పద్దులో ఎంత రాశారు? జవాబు సున్నా అని వస్తే, ఆ సున్నాను తీర్మానాల పుస్తకంలో రాయించండి. రాతలోకి ఎక్కిన సున్నా గురించి మరుసటి ఏడాది మళ్లీ అడగవచ్చు. కందుకూరి ఊరిలోనైనా, దూబగుంటలోనైనా మార్పు మొదలైంది నలుగురి ముందు ఎవరో ఒకరు నోరు విప్పి అడిగాకే.